ఎడమచేతి ముడులు

ఆల్విన్ ప్రూసాక్‌కు పాత పిన్‌బాల్ మిషన్లంటే ఒళ్లుమంట. అద్దం కింద ఏటవాలు పలక మీద ఇనపబంతిని కొట్టి గంటలు మోగించే ఆటపెట్టెలవి. వాటి పేరెత్తితే చాలు, "ఆ గంటల పెట్టెలా? పొయ్యిలోకి బాగుంటాయి, కట్టె మంచిది" అనేవాడు. చికాగోలో మా పేటలో ఏ బారులో మిషను మొరాయించినా జనం ఫోన్ చేసేది అతనికే. అంత పనిమంతుడు అన్నాడంటే నిజమే అయ్యుంటుందని మేమందరం నమ్మాం. అతనూ నమ్మాడు. డెబ్బై ఒకటో ఏట ఆ మాట తప్పని తెలిసింది. తెలిసి మాత్రం ఏం లాభం చెప్పండి, ఒప్పుకుని క్షమించమని అడగాల్సిన మనిషి అప్పటికే మట్టిలో కలిసిపోయింది.

ఆల్విన్ తండ్రి మాంసం ఫ్యాక్టరీలో సాసేజీలు కూరేవాడు. తల్లి ఆఫీసులు ఊడ్చేది. పదేళ్లప్పుడు ఆల్విన్ ఇంట్లో రేడియో విప్పి, మళ్ళీ బిగించి, రెండు స్క్రూలు మిగిల్చాడు. రేడియో మునుపటికంటే బాగా పలికింది. ఆ రోజునుంచీ వీడు గొప్పవాడవుతాడని తల్లి పేటంతా చెప్పుకుంది. గొప్పవాడేం కాలేదు గానీ, సైన్యంలో రెండేళ్లు రేడియోలు బాగుచేసి, తిరిగొచ్చి టీవీలు బాగుచేస్తూ, చర్చి హాల్లో జరిగిన ఒక పోల్కా డాన్సులో రెజీనాను చూశాడు. పంతొమ్మిది వందల డెబ్బై నాలుగులో పెళ్లి చేసుకున్నాడు. పిల్లలు కలగలేదు. ఇద్దరూ ఒకరినొకరు ఆటపట్టించుకుంటూ నలభై మూడేళ్లు కాపురం చేశారు.

రెజీనా పెళ్లికి ముందు తొమ్మిదేళ్లు పిన్‌బాల్ ఫ్యాక్టరీలో పనిచేసింది. అప్పట్లో ఆ మిషన్లన్నీ మా ఊళ్ళోనే తయారయ్యేవి. ఆమెది వైర్లు కట్టే పని. తలుపంత పలక, దాని నిండా మేకులు. ఎర్ర వైరు ఈ మేకునుంచి ఆ మేకుకి, పచ్చవైరు ఆ మేకునుంచి ఇంకో మేకుకి, అలా వందకు పైగా వైర్లు పరిచి, మైనం పట్టించిన దారంతో అంగుళానికో ముడి వేసుకుంటూ ఒక్క కట్టగా బిగించాలి. పన్నెండుమంది ఆడవాళ్లు ఎదురెదురుగా కూర్చుని రోజంతా అదే పని. సాయంత్రానికి దారం ఒరుసుకుని వేళ్ళు కోసుకుపోయేవి.

రెజీనాది ఎడమచేతివాటం. అందరి ముడులూ కుడివైపుకు తిరిగితే ఆమెవి ఎడమవైపుకు తిరిగేవి. ఫోర్‌మన్ మొదట్లో కసిరాడు. ఒకసారి కట్టను రెండు చేతులా పట్టి లాగి చూశాడు. ఒక్క ముడీ జారలేదు. నోరు మూసుకుని వెళ్లిపోయాడు. ఆమెకు ఎదురుగా కూర్చునే ఫ్లారెన్స్ డూడెక్ ఈ కథ ఇప్పటికీ చెబుతుంది, ఫోర్‌మన్ మొహం ఎలా పెట్టాడో కూడా పెట్టి చూపిస్తుంది.

ఇంకో వింత వినండి. ఆ మిషన్లు మా ఊళ్ళో తయారు చేయొచ్చు గానీ ఆడకూడదు. అది జూదమని నగరం వాళ్లు ఎప్పుడో నిషేధించారు. పొద్దస్తమానం చేసినవన్నీ లారీలెక్కి ఎక్కడెక్కడికో పోయేవి. ఫ్యాక్టరీలో చివర ఇద్దరు మగవాళ్లు ఒక్కొక్కటీ ఆడి చూసి పంపేవారు, ఆడవాళ్లు మీట మీద చెయ్యేస్తే "మీ పని అయిపోయిందా?" అని గద్దింపు. తొమ్మిదేళ్లలో వేలకొద్దీ మిషన్లకు నరాలు కట్టిన మనిషి ఒక్క ఆట ఆడలేదు. అలాంటి చట్టం రాసినవాణ్ణి ఏమనాలో నాకైతే మాట దొరకదు.

డెబ్బై ఏడుకల్లా ఆ నిషేధం పోయింది. ఊళ్ళో ప్రతి బారులోనూ ఒక మిషను వెలిసింది. ఆల్విన్ టీవీలు వదిలేసి, ఆ మిషన్లను బార్లకు అద్దెకిచ్చే ఒక కంపెనీలో రిపేరు పనికి చేరాడు. సరిగ్గా అప్పుడే కంప్యూటర్ మిషన్లు దిగాయి. అంకెలు ఎర్రగా వెలిగేవి, తర్వాత తర్వాత మాట్లాడేవి కూడా. ఆల్విన్‌కు అవంటే ప్రాణం. పాతవాటికి రిలేలనే చిన్న స్విచ్చులు, మోటార్లు, ఇత్తడి గంటలు, ఒక్కో కాంటాక్టునూ వేలితో వంచి సరిచేయాలి. ఎవడు చేస్తాడు? కంపెనీకి కూడా అవి భారమే అయ్యాయి.

ఆ నెలల్లోనే ఒక పొద్దున కాఫీ దగ్గర రెజీనా అడిగింది. "ఆల్విన్, ఒకటి ఇంటికి తీసుకురావూ? నేను కట్టింది. ముందుగదిలో కిటికీ దగ్గర పెట్టుకుందాం. ఒక్కసారైనా ఆడాలని ఉంది."

"ఆ గంటల పెట్టె ఎందుకే? టింగు టింగుమని చెవులు తినేస్తుంది. ఆగు, కొత్తది తెస్తాలే. మాట్లాడేవి కూడా వస్తున్నాయిట."

"మాట్లాడటానికి నువ్వున్నావుగా. అది చాలదా?"

ఇద్దరూ నవ్వుకున్నారు. మాట అక్కడితో తేలిపోయింది.

కంపెనీలో ఒక పద్ధతి ఉండేది. పాత మిషను మూలపడితే అమ్మేవారు కాదు, ఊరికే ఇచ్చేవారూ కాదు. ఎవడన్నా కొనుక్కెళ్లి పక్క బారులో పెడితే వ్యాపారం పోతుందని భయం. అందుకని శనివారాల్లో వెనక దొడ్లో గొడ్డలితో ముక్కలు చేయించేవారు. ఆ పని ఆల్విన్ ఉత్సాహంగా చేసేవాడు. ఒక శనివారం రెజీనా భోజనం పట్టుకొచ్చింది. పగిలిన అద్దాలు, విరిగిన కాళ్లు కుప్పగా పడి ఉన్నాయి. డబ్బా గోడమీద పెట్టి, కుప్ప పక్కన గొంతుక్కూర్చుని, తెగిన వైర్లకట్టలు ఒక్కొక్కటే తీసి చూడటం మొదలుపెట్టింది.

"ఏం వెతుకుతున్నావే?"

"నా ముడులు."

"అన్నీ ఒకేలా ఉంటాయి కదా!"

"నీకు" అంది రెజీనా. లేచి, చేతులు దులుపుకుని ఇంటికి వెళ్లిపోయింది.

తర్వాత కొన్నేళ్లకు ఆల్విన్ ఆమెను ఒక బారుకు తీసుకెళ్లి, తాను మురిసిపోయే కొత్త మిషను ముందు నిలబెట్టాడు. లైట్లు కళ్లలో పొడిచాయి. ఒకేసారి మూడు బంతులు వచ్చిపడ్డాయి. లోపలినుంచి ఎవడో రాక్షసుడు గద్దించాడు. రెజీనా సగం ఆటలో చేతులు తీసేసింది. "ఇది నాతో ఆడటం లేదయ్యా. నా మీద అరుస్తోంది" అంది. అతను పగలబడి నవ్వాడు. ఆ తర్వాత ఆమె మళ్ళీ అడగలేదు. హమ్మయ్య, మరిచిపోయింది అనుకున్నాడు. ఆడది అడగటం మానేసిందంటే మరిచిపోయిందనుకునే మగాళ్లకు ఏం చెప్పి ఏం ప్రయోజనం!

రెండేళ్ల కిందట నవంబరులో రెజీనా పోయింది. ఆరు వారాల జబ్బు. చివరిరోజుల్లో గుండెలు పిండే మాటలేం అనలేదు. ఇల్లు వెచ్చబెట్టే హీటరుకు ఫిల్టరు మార్చావా, చలి ముదురుతోంది అని అడిగింది. మార్చానన్నాడు. నిజానికి మార్చలేదు. అంత్యక్రియల మర్నాడు ఇంటికొచ్చి మొట్టమొదట చేసిన పని అదే. తర్వాత చేయటానికి ఏమీ మిగల్లేదు. పనికి పిలిస్తే వెళ్లటం మానేశాడు. కిటికీ దగ్గర ఆమె కుట్టుమిషను పక్కనే కుర్చీ వేసుకుని వీధివంక చూస్తూ కూర్చునేవాడు.

ఈ ఏడు ఈస్టరుకు ముందు ఉపవాసాల నెలలో, ఒక శుక్రవారం, చర్చి హాల్లో చేపల వేపుడు తింటూ ఉంటే ఫ్లారెన్స్ కర్ర పొడుచుకుంటూ వచ్చి ఎదురుగా కూర్చుంది. ఎనభై ఏళ్లు. వేళ్లు కొంకర్లు పోయాయి గానీ నోటికి మాత్రం ఏ జబ్బూ రాలేదు.

"ఏవయ్యా ఆల్విన్, ఆ గడ్డం ఏంటి? సన్యాసుల్లో కలుస్తున్నావా?"

"గీసుకుంటాలే."

"గీసుకో, రెజీనా చూస్తే భయపడి చచ్చేది. సరే విను. మాజీ సైనికుల హాలు అమ్మేశారు. క్లెమ్ సామానంతా బయట పడేస్తున్నాడు. కింద నేలమాళిగలో ఒక పిన్‌బాల్ ఉందిట, మా కాలంది. వచ్చి చూస్తావా, గొడ్డలి కూడా తెచ్చుకుంటావా?"

ఆల్విన్ ప్లేటు పక్కకు నెట్టాడు. "రేపు పొద్దున వస్తా" అన్నాడు.

క్లెమ్ ఆ హాలు చూసుకునే మనిషి. ఇద్దర్నీ నేలమాళిగలోకి దించి, ఒక పాత దుప్పటి లాగాడు. వెనక అద్దం మీద సరస్సులో తెల్ల పడవ, పడవ అంచున గొడుగులు పట్టుకున్న అమ్మాయిలు. పైన పేరు, లేక్ ఫెర్రీ. అరవై ఎనిమిదిలో చేసింది.

"మా దగ్గరికి వచ్చినప్పటినుంచీ చచ్చే ఉంది. మిల్వాకీ వీధిలో ఒక బారుండేది. ఒకరోజు పొగొచ్చి ఆగిపోయిందిట. కాలినదాన్ని మోసుకుపోవటం దండగ, నువ్వే పారేసుకో అన్నాడుట కంపెనీవాడు. ఆ బారు ముసలాయన మనసొప్పక మాకిచ్చాడు. మేం దాని మీద కాఫీ డ్రమ్ము పెట్టుకున్నాం" అన్నాడు క్లెమ్.

ఆల్విన్ పైనున్న అద్దం జరిపి, ఆటపలకను పైకెత్తి నిలబెట్టాడు. కింద దుమ్ము పట్టిన రిలేలు, గుడ్డతొడుగు వైర్లు. ఫ్లారెన్స్ టార్చి వేసి, మొహం దగ్గరగా పెట్టి, కట్ట వెంబడి మెల్లగా చూసుకుంటూ పోయింది. ఒకచోట టార్చి ఆగింది.

"అదుగో" అంది. ఆ గొంతు ఆమెది కానట్టే ఉంది. "ఎడమకు తిరిగాయి చూడు. ఇదంతా మా పిల్లదే."

ఆల్విన్ వేలితో తడిమి చూశాడు. అంగుళానికో ముడి, అన్నీ ఎడమకే. పక్కనున్న బీరు పెట్టె మీద కూలబడ్డాడు. "క్లెమ్, నీ లారీ ఇస్తావా?" అని అడిగాడు.

అలా ఆ మిషను ముందుగదిలోకి, కిటికీ దగ్గరికి వచ్చింది. నలభై ఏళ్లు ఆలస్యంగా.

అతనికిప్పుడు కావలసింది ఒక్కటే. రెజీనా కట్టిన మిషను ఒక్కటైనా, పూర్తిగా, మళ్ళీ మోగాలి. దానికోసం గడ్డం గీసుకున్నాడు. కళ్లజోడు మార్పించుకున్నాడు. పొద్దున్నే లేచి కాఫీ పెట్టుకుని పనిలో కూర్చునేవాడు. ఫ్లారెన్స్ ప్రతి శనివారం వచ్చి, కుర్చీలో చతికిలబడి, అతను చేసే ప్రతి పనికీ వంక పెట్టేది.

మిషను తెరిచిన మొదటిరోజే జబ్బు కనిపించింది. వైర్లకట్ట ఒకచోట జానెడు మేర కాలి, నల్లగా ముద్దకట్టింది. ఫ్యూజు తీసి చూశాడు. పది ఉండాల్సిన చోట ఇరవై ఆంపులది పెట్టారు. ఫ్యూజు అస్తమానం పోతుంటే, అసలు జబ్బేదో వెతక్కుండా, పెద్ద ఫ్యూజు పెట్టి చేతులు దులుపుకోవటం రిపేరువాళ్ల పాపిష్టి అలవాటు. సోమవారం దాకా నడిస్తే చాలనుకుంటారు. ఫ్యూజు పోదు, దాని బదులు వైర్లు కాలతాయి.

"ఎవడో చవట! వాడి చేతులు విరగ! పనితెలిసిన వాడెవడైనా చేసే పనేనా ఇది?" అని ఆల్విన్ ఇల్లెగిరిపోయేలా తిట్టాడు.

"తిట్టు తిట్టు, చెవులకు హాయిగా ఉంది" అంది ఫ్లారెన్స్.

కాలిన వైర్లను చివర్ల దగ్గర విడదీసి, వాటి సంగతి తర్వాత చూద్దామని, మిగిలినవన్నీ ఒక్కొక్కటిగా శుభ్రం చేశాడు. మూడోవారం బుధవారం పొద్దున స్విచ్చి వేశాడు. లోపల మోటారు గురగురమంటూ తిరిగింది. అంకెల చక్రాలు టకటకమని సున్నా దగ్గరికి వచ్చి ఆగాయి. పడవ వెలిగింది. పది పాయింట్ల సన్నగంట పలికింది, వంద గంట పలికింది. అన్నిటికంటే పెద్దగంట, వెయ్యిది, మాత్రం మూగగా ఉండిపోయింది. దాని వైరు ఆ కాలిన ముద్దలోనే ఉంది.

ఎంతవరకు నడుస్తుందో చూద్దామని ఒక ఆట మొదలుపెట్టాడు. బంతి పైకి వెళ్లింది. పైన మూడు సందులున్నాయి. అది ఎటు పడదామా అని కాసేపు తచ్చాడింది. ఆ కాసేపూ ఆల్విన్ తనకు తెలియకుండానే ఊపిరి బిగబట్టాడు. మధ్యసందులో పడింది. టింగ్‌మంది. వెనకాల పది పాయింట్ల చక్రం ఒక్క మెట్టు కదిలింది. అంతే. శభాష్ అని ఎవడూ అరవలేదు, బొమ్మలు గంతులెయ్యలేదు. ఇచ్చింది పదే. ఆ పదీ తాను ఆడినందుకే వచ్చాయని అతనికి తెలుస్తోంది. బంతి కిందికొచ్చింది. ఫ్లిప్పరు రెక్కతో కొట్టాడు, వెంట్రుకవాసి తొందరపడ్డాడు, పోయింది. ఎందుకు పోయిందో కూడా తెలుస్తోంది.

ఇన్నేళ్లు తాను మెచ్చుకున్న మిషన్లు మనిషి చేతులు కట్టుకు నిలబడినా లక్షల పాయింట్లు పోసి పొగిడేవి. ఇది పొగడదు, కసరదు, తొందరపెట్టదు. ఒక్క బంతి, రెండు రెక్కలు, గంటలు. కళ్లు మూసుకున్నా ఎంత వచ్చిందో చెవికి తెలుస్తుంది. మధ్యాహ్నం దాకా పదకొండు ఆటలాడాడు. కాఫీ చల్లారిపోయింది. మధ్యలో ఎక్కడో తాను నవ్వుతున్నానని గమనించాడు. రెండేళ్లయింది నవ్వి. ఆమె అడిగింది దీన్నే కదా అనుకున్నాడు. ఆ నవ్వు అక్కడే చచ్చిపోయింది.

ఆ సాయంత్రమే పెద్దగంట సంగతి చూద్దామని మళ్ళీ ఆటపలక ఎత్తాడు. పెట్టె లోపలి చెక్కమీద దుమ్ము తుడవలేదు, తడిగుడ్డతో తుడిచాడు. పెన్సిలు రాత తేలింది. ఎవరు మిషను తెరిచినా లోపల పేరూ తేదీ రాయాలన్నది అప్పటి కంపెనీ నియమం. కళ్లజోడు సరిచేసుకుని చదివాడు.

"ఆ. ప్రూ. మార్చి 16, 79. ఫ్యూజు 20."

తన చేతిరాతే. ఏడు అంకెకు నడుం మీద అడ్డగీత, వాళ్లమ్మ నేర్పినట్టే.

ఆ రోజు గుర్తుకు తెచ్చుకుందామని ఎంత ప్రయత్నించినా గుర్తు రాలేదు. అదే అతన్ని ఎక్కువ కోసింది. శుక్రవారం అయ్యుంటుంది, ఇంకో ఆరు బార్లు తిరగాల్సి ఉండుంటుంది, తొందర. ఈ పలక ఇలాగే ఎత్తి ఉంటాడు. ఆమె ముడులు అతని ముక్కుకు బెత్తెడు దూరంలో ఉండుంటాయి. పెద్ద ఫ్యూజు పెట్టి, ఈల వేసుకుంటూ వెళ్లిపోయి ఉంటాడు.

శనివారం ఫ్లారెన్స్ వచ్చేసరికి మిషను మీద దుప్పటి కప్పి ఉంది.

"ఏంటిది? ముసుగు వేశావేం?"

"ఆ చవట ఎవడో తెలిసింది ఫ్లారెన్స్."

"ఎవడు?"

"నేనే."

ఫ్లారెన్స్ అతనివంక చూసింది. దుప్పటి తొలగించి, పలక ఎత్తించి, రాత చదివింది. వచ్చి కుర్చీలో కూర్చుంది.

"అయితే ఏం చేస్తావ్? ఉరేసుకుంటావా? ముందు కాఫీ పొయ్యి."

పోశాడు. "ఆ రోజు దీన్ని నేనే తెరిచాను. ఇంటికొచ్చి, ఆమె వండింది తిని పడుకున్నాను. పక్కనే ఉంది. నీ మిషను ఒకటి దొరికిందే అని ఒక్క మాట అంటే చాలు, ఆమె కోరిక తీరిపోయేది. అసలు చూస్తేగా అనటానికి! తోటి మిషన్లను గొడ్డలితో నరికాను, దీన్నేమో కాల్చి చంపాను. నన్ను ఎందుకు భరించిందో నాకు తెలియటంలేదు."

"అది నాకూ తెలియదు. చాలాసార్లు అడిగాను దాన్ని" అంది ఫ్లారెన్స్. కప్పు కింద పెట్టి, "ఇంతకీ పెద్దగంట ఎప్పుడు మోగుతుంది?" అంది.

"మోగదు. దాని వైరు మార్చాలంటే కట్ట విప్పాలి. రెజీనా ముడులు కొయ్యాలి. నావల్ల కాదు."

"కాలిన ముడులేగా?"

"కాలినవి కొన్ని. వైరు లోపలికి దూర్చాలంటే ఇటూ అటూ మంచివి కూడా నాలుగు కొయ్యాలి. ఇంత చేసింది చాలదా, మళ్ళీ కత్తెర కూడా పెట్టమంటావా? రెండు గంటలు పలుకుతున్నాయి. ఉండనీ."

ఫ్లారెన్స్ తన రెండు చేతులూ చాచి అతని ముందు పెట్టింది. వంకరపోయిన వేళ్ల మీద దారం కోసిన పాత గీతలు ఇంకా తెల్లగా కనిపిస్తున్నాయి.

"ఇవి చూడవయ్యా. ఇలా కోసుకుపోయేలా మేం దారం బిగించింది, నువ్వు మిషనుకు దుప్పటి కప్పి దండం పెట్టుకోడానికా? బంతి తగిలితే గంట మోగాలని! గంట మోగకపోతే రెజీనా పని సగంలో ఆగినట్టే. నలభై ఏళ్లకిందట నువ్వే ఆపావు, ఇప్పుడూ ఆపుతానంటావు. నీకు బాధగా ఉందని దాని పని ఆపుతావా? సిగ్గుండాలి."

ఆమె వెళ్లిపోయాక ఆల్విన్ చాలాసేపు కట్టవంకే చూస్తూ కూర్చున్నాడు. కోపం కూడా వచ్చింది. ఫ్లారెన్స్ అన్నది నిజం కాబట్టే వచ్చింది.

సోమవారం చిన్న కత్తెర తీసుకున్నాడు. కాలిన దారం తగిలీ తగలగానే పొడై రాలిపోయింది. మంచి ముడులు నాలుగూ అలా రాలలేదు. మైనం ఇంకా పట్టి ఉంది, కత్తెరకు లొంగలేదు, గట్టిగా నొక్కితేగాని తెగలేదు. అంత గట్టిగా కట్టింది మహాతల్లి. ఒక్కొక్కటి తెగినప్పుడల్లా అతను "క్షమించు" అన్నాడు, పైకే అన్నాడు. నాలుగుసార్లు అన్నాడు.

కొత్త వైర్లు అతికించాడు. మైనం దారం కొన్నాడు. ముడి వేయటం ఫ్లారెన్స్ నేర్పింది. వేళ్లు వంగవు కాబట్టి నోటితోనే. రెజీనా ముడుల్లా ఉండాలని అతను ఎడమచేత్తో తంటాలు పడుతుంటే చూసి చూసి విసుక్కుంది. "దొంగ సంతకాలు పెట్టకు. దానివి దానివి, నీవి నీవి. కుడిచేత్తోనే కట్టు." అలా ఆ కట్టలో జానెడు మేర ముడులు కుడికి తిరిగాయి. మొదట కట్టినవి వదులుగా ఉన్నాయని ఆమె మూడుసార్లు విప్పించింది. అతని వేళ్లు కోసుకుపోయాయి. ఆ వారమంతా సబ్బు తగిలితే మండింది. ఇలా తొమ్మిదేళ్లు చేసిందా అనుకున్నాడు.

ఈస్టరు ముందురోజు, శనివారం పొద్దున, ఫ్లారెన్స్ చర్చిలో పండగ బుట్టకు ఆశీర్వాదం చేయించుకుని అటునుంచి అటే వచ్చింది. గుడ్లు, సాసేజీ, వెన్నతో చేసిన గొర్రెపిల్ల బొమ్మ ఉన్న బుట్టను కుట్టుమిషను మీద పెట్టి, "అది తాకకు, రేపటిదాకా ఉపవాసం" అంది. ఆల్విన్ స్విచ్చి వేశాడు. పడవ వెలిగింది. పలక మీద వెయ్యి పాయింట్ల మీటను వేలితో నొక్కాడు. పెద్దగంట పలికింది. బరువైన, నిండైన గొంతు. ఇద్దరూ అది పూర్తిగా ఆగేదాకా కదలలేదు.

"ఆడవయ్యా మరి" అంది ఫ్లారెన్స్.

ఆల్విన్ పక్కకు జరిగాడు. "నువ్వు ఆడు."

"నేనా? ఎనభై ఏళ్లొచ్చాక? నాకు చేతకాదు."

"ఎప్పుడూ ఆడలేదా?"

"ఎవడు ఆడనిచ్చాడు? ఆ చివర నిలబడిన వెధవలిద్దరూ ఆడారు. మేం కట్టాం."

కర్ర గోడకానించి, మిషను అంచులు పట్టుకుని నిలబడింది. మొదటి బంతి నేరుగా రెండు రెక్కల మధ్యనుంచి జారిపోయింది. ఫ్లారెన్స్ ఒక బూతుమాట అని, బుట్టవంక చూసి గబగబా సిలువ గీసుకుంది. రెండో బంతిని రెండుసార్లు కొట్టింది. మూడోది పైకి వెళ్లి, బంతిని ఎగరగొట్టే బంపర్ల మధ్య చిక్కుకుని, టింగు టింగుమంటూ కొట్టుకుంది. ఫ్లారెన్స్ నోరు తెరిచింది. బంతి కిందికొస్తుంటే ఎడమరెక్కతో లాగి కొట్టింది. అది తిన్నగా పోయి మూలనున్న వెయ్యి పాయింట్ల మీటకు తగిలింది. పెద్దగంట మోగింది.

"ఓరి దేవుడోయ్!" అని అరిచింది ఫ్లారెన్స్. "చూశావా? చూశావా ఆల్విన్? నేనే కొట్టాను!" గంతు వేయబోయి తూలి, మళ్ళీ అంచు పట్టుకుంది. ఎనభై ఏళ్ల మనిషి మొహం ఎర్రగా వెలిగిపోతోంది. గట్టిగా నవ్వుతోంది, తుంటితో మిషనును తోస్తోంది, పోతున్న బంతిని బతిమాలుకుంటోంది.

ఆల్విన్ ఆ మొహమే చూస్తున్నాడు. ఇదే, ఇంతే, రెజీనా అడిగింది. ఈ గదిలో, ఈ కిటికీ దగ్గర, ఇలా అరిచి ఉండేది. ఒక్క శనివారం గొడ్డలి పక్కన పెట్టి, ఒక మిషనును లారీలో వేసుకుని వస్తే అయిపోయే పని. గట్టిగా గంట పని. నలభై ఏళ్లలో ఆ గంట తనకు దొరకలేదు. అతని గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది. ఆపుకుందామనుకున్నాడు, ఆగలేదు. కిటికీ చట్రానికి ఆనుకుని చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు.

ఫ్లారెన్స్‌కు వినిపించింది. ఆమె కళ్లలోనూ నీళ్లు తిరిగాయి. అయినా తల తిప్పలేదు, రెండు చేతులూ మీటల మీదే ఉన్నాయి, నాలుగో బంతి ఇంకా పైనే ఉంది.

"ఏడువు నాయనా, కరువుతీరా ఏడువు" అంది. "కానీ కిటికీకి అడ్డం నిలబడకు. బంతి కనపడటం లేదు."

ఆల్విన్ పక్కకు జరిగాడు.